రానివాడికి పెట్టిన కంచం

విజయవాడలో మా వంటింట్లో ఎండు రొయ్యలు వేయిస్తే పక్కవాటా వాళ్ళు ధడేలున కిటికీలు మూసుకుంటారు. నాకు మాత్రం ఆ ఘాటు ముక్కుకు తగలగానే, చల్లపల్లి దాటి ఇంకా కిందికి వెళ్ళి బస్సు దిగి, చేపల చెరువుల గట్ల మీదుగా నడిస్తే వచ్చే మా సముద్రపు ఊరు, ఆరేసిన వలల పక్కన గవ్వలతో అచ్చనగాయలు ఆడే నేనూ చెల్లి చిట్టీ, వేట నుంచి వచ్చి తడి బనీనుతోనే మమ్మల్ని ఎత్తుకునే నాన్న, మామిడికాయల రోజుల్లో మామ్మ మట్టిదాకలో కాచే పచ్చిరొయ్యల పులుసూ అన్నీ ఒక్కసారిగా గుర్తొస్తాయి. ఆ వెంటనే కోపమూ వస్తుంది.

చిట్టి పుట్టినప్పుడు పురిటిలోనే అమ్మ పోయింది. తొంభైల్లో ఒక తుఫానుకు నాన్న పడవ తిరిగి రాలేదు. నాకప్పుడు పదేళ్ళు, చిట్టికి ఏడు. సముద్రం మీద తప్పిపోయిన మనిషి శవం దొరికేదాకా పోయాడని ఇంట్లోవాళ్ళు అనకూడదు, రోజూ అతని కంచంలో అన్నం పెట్టాలి, ఉతికిన చొక్కా దండెం మీద ఉంచాలి. అది మా ఊరి ఆచారం.

తల్లీతండ్రీ లేని పిల్లలకు విజయవాడలో సర్కారు హాస్టలుందనీ, తిండీ బట్టా చదువూ వాళ్ళే చూస్తారనీ చెప్పి మా బడి మాస్టారు అర్జీ రాశారు. రెండు నెలలకు విచారణకని ఒక ఆఫీసరు వచ్చాడు. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి లోపలికి చూశాడు.

"ఆ కంచం ఎవరిదమ్మా?"

"మావోడిదండీ. ఏటకెళ్ళాడు. ఆకలితో వత్తాడు గదండీ," అంది మామ్మ.

తండ్రి బతికే ఉన్నాడని ఆఫీసరు రాసేసుకున్నాడు. అది వాళ్ళ ఆచారమండీ అని మాస్టారు ఎంత మొత్తుకున్నా, "శవం లేదు, సర్టిఫికెట్ లేదు, కన్నతల్లే ఉన్నాడంటోంది, నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు కదా. ఊరంతా ఎరిగిన చావు ఆ మనిషికి కనపడలేదు గానీ కంచంలో నాలుగు మెతుకులు కనపడ్డాయి.

ఇద్దరినీ సాకే ఓపిక మామ్మకు లేదు. చిట్టిని విజయవాడలో ఎవరింటికో పసిబిడ్డను ఆడించే పనికి పంపింది. ఏడేళ్ళ పిల్ల ఇంకొకరి పిల్లను చంకనేసుకుంది. చేపలు ఆరబెట్టడానికి పనికొస్తానని నన్ను ఉంచుకుంది కాబట్టి నాకు ఊరి బడి, నాలుగు అక్షరాలు దక్కాయి. ఆ సంగతి నన్నిప్పటికీ పొడుస్తూనే ఉంటుంది. ఏడేళ్ళ తర్వాత, నాన్న చనిపోయినట్టే భావించవచ్చని కాగితం చేతికొచ్చింది. అది పట్టుకుని హాస్టలుకు వెళితే, అక్షరం ముక్క రాని పద్నాలుగేళ్ళ పిల్లను ఏ క్లాసులో కూర్చోబెట్టమంటారని మమ్మల్నే అడిగారు! మామ్మను నేనేనాడూ తప్పుపట్టలేదు. కొడుక్కి అన్నం పెట్టుకుంటే దాన్ని సాక్ష్యంగా రాసుకున్న వాళ్ళమీదే నా కసంతా.

ఇప్పుడు మామ్మ లేదు, ఆ ఆచారమూ లేదు. పడవ రాకపోతే మా ఊరి ఆడవాళ్ళు ముందు కంచం దాచేసి, ఆశ ఇంకా చావకుండానే ఆఫీసు గుమ్మంలో గుండెలు బాదుకుంటున్నారు. సర్కారు మావాళ్ళకు నేర్పిన చదువు అదొక్కటే.

మొన్న చిట్టి కూతురిని ఆటోనగర్ దగ్గర బడిలో చేర్చడానికి ఇద్దరం వెళ్ళాం. నేను నింపిచ్చిన కాగితం మీద సంతకం చెయ్యమంటే చిట్టి బొటనవేలు చాపింది. గుమాస్తా దాన్ని ఎగాదిగా చూసి, "మీకొచ్చుగా, మీరు చేసెయ్యండి," అంటూ కాగితం నావైపు తోశాడు.

"తల్లి అదేనండీ, దాన్నే వెయ్యనివ్వండి!" అని అరిచాను. అందరూ తిరిగి చూశారు. చూడనీ.