అందరూ దిగాక

ఆయన పేరు మేమెవరం అడగలేదు. ఎల్లారెడ్డి దగ్గర మా ఊళ్లో, కోత అయిపోయిన జొన్నచేలో విమానం దింపిన మనిషి. గాల్లోనే ఇంజను ఆగిపోయిందట. ఎదురుగా మిరపకాయలు ఏరుతున్న ఆడవాళ్లు కనబడగానే విమానాన్ని గట్టు వైపు తిప్పేశాడు. దెబ్బంతా ఆయన కూర్చున్న చోటే తగిలింది.

"సబ్ ఉతర్ గయే?"

అందరూ దిగారా అనే ఆ ఒక్క మాటే ఆయన నోట విన్నాను. విమానంలో వచ్చిన దొర, ఆయన బేగం, మున్షీ ముగ్గురూ నేల మీద నిలబడటం కళ్లారా చూశాకే తనను బయటికి లాగనిచ్చాడు. నడుము విరిగింది.

మా మామ మాలీపటేలు, ఊళ్లో శిస్తు వసూలు ఆయనదే. ముగ్గురినీ గూడున్న కచ్చడం బండిలో కామారెడ్డి స్టేషనుకు పంపాడు. వాళ్ల పెట్టెలు బండిలో పట్టలేదు. మోయడానికి వెట్టివాళ్లు నలుగురే దొరికారు.

కొత్త కోడలినైనా ఉండబట్టలేక అన్నాను: "మామా, పెట్టెలు రేపు పోతయి. ఈయనను మంచం మీద దవాఖానకు మోయించుండ్రి."

"దొర సామాను ఆగితే నా పటేల్‌గిరి పోతది. గీయన నౌకరే గదా, జర ఆగుతడు."

నలుగురూ పెట్టెలెత్తుకుని పోయారు. మజ్జిగ తాగించబోతే ఆయన మళ్లీ అదే అడిగాడు.

"దిగిండ్రు సాబ్. అందరు పోయిండ్రు" అన్నాను.

పొద్దు గూకకముందే ప్రాణం పోయింది.

పెట్టెలు రైలుకు అందాయి. ఒక్కదానికీ గీత పడలేదని మామ చచ్చేదాకా చెప్పుకున్నాడు.