కొల్లేటిలో మొదటి తాంబూలం

మా తాతగారి పల్లకీ జప్తు చెయ్యడానికి వచ్చిన కోర్టు అమీను చెప్పుకాలితో దాని పరుపు తొక్కాడు. చెంప మీద కొట్టాను. ఆరు నెలల జైలు పడవలసింది. మొదటి తప్పు కదా అని మేజిస్ట్రేటు నన్ను ఏడాదిపాటు ప్రొబేషన్ మీద వదిలిపెట్టాడు. ఆఫీసరు చేతి కాగితం లేకుండా ఏలూరు దాటితే మాత్రం జైలే. నాకు హామీ నిలిచినవాడు మా పినతండ్రి కొడుకు. తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లు పెట్టి బాగుపడ్డాడు.

ఫాల్గుణంలో కొల్లేటి లంకలో అమ్మవారి జాతర. ఆ లంక ఒకప్పుడు మాది. అది చేతులు మారినా, జాతరలో మొదటి తాంబూలం జాలరి పెద్దలు మా ఇంటి పెద్దకొడుక్కే ఇచ్చేవారు. మాకు మిగిలిన గౌరవం అదొక్కటే. మనిషి స్వయంగా వెళ్ళి అందుకోవాలి. ఒక్క ఏడు తప్పితే వంశంలో తరువాతివాడికి పోతుంది, మళ్ళీ తిరిగి రాదు. ఆ తరువాతివాడు, నాకు హామీ నిలిచిన ఈ తమ్ముడే.

అనుమతికి అర్జీ పెట్టుకోవాలి. కింద ‘తమ విధేయుడు’ అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. నాలుగు రోజులు తెల్లకాగితం ముందు కూర్చున్నాను. ఐదోనాడు తమ్ముడు రైలు దిగి వచ్చాడు.

“అర్జీలు మీరు రాయడమేంటండీ అన్నయ్యా! ఆఫీసరుగారితో నేను మాట్లాడాను. నిశ్చింతగా వెళ్ళి రండి.”

కాగితం ఏదీ అని నోటిదాకా వచ్చింది. మా ఇంట్లో అన్నదమ్ములను కాగితం అడగడమంటే మొహాన ఉమ్మినట్టే. మా నాన్నగారు, పినతండ్రి ఆస్తి పంచుకున్నది కూడా నోటిమాట మీదే. అడగలేదు. వాడు నా కాళ్ళకు దండం పెట్టి వెళ్ళాడు.

జాతరనాడు పెదపాడు మీదుగా బండిలో వెళ్ళి, కొల్లేటి ఒడ్డున దోనె ఎక్కాను. దోనె నడిపే ముసలాయన నావంక చూసి నవ్వాడు.

“బాబుగారూ, ఇది పల్లకీ కాదండి, దోనండి. కాస్త నడుం వంచండి, లేకపోతే ఇద్దరం చేపలకే!”

నేను వంగలేదు. లంక రేవులో కానిస్టేబులు నిలబడి ఉన్నాడు.

“బాబుగారూ, ఏలూరు దాటడానికి కాగితం ఏదైనా ఉందాండీ?”

“మా తమ్ముడు ఆఫీసరుతో మాట్లాడాడు.”

“మాట్లాడారండి. మీరీవేళ ఇక్కడికొస్తారని చెప్పింది ఆయనేనండి.”

“తాంబూలం పుచ్చుకొని వస్తాను. అప్పటిదాకా ఆగు.”

“మీరు గుడిదాకా వెళ్ళకముందే పట్టుకోమన్నారండి.”

అతను తలవంచుకొని చెప్పాడు. అతనికున్న సిగ్గు కూడా మావాడికి లేకపోయింది. డప్పులు మోగుతున్నాయి. రేవు గట్టు మీదినుంచి గుడి ముంగిలి కనిపిస్తోంది. తమ్ముడు వాళ్ళ నాన్న జరీ తలపాగా చుట్టుకొని ముందుకొచ్చి తాంబూలానికి చేతులు చాపాడు. ఆ తలపాగా గూడెంనుంచి ఊరికే తెచ్చుకోలేదు.

వారం తరువాత కోర్టులో మేజిస్ట్రేటు అడిగాడు: “మిమ్మల్ని వెళ్ళమని ఎవరైనా చెప్పారా?”

హామీదారుగా వాడు అక్కడే ఉన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. మా ఇంటివాడు అబద్ధమాడాడని పరాయివాళ్ళ ముందు చెప్పడం నావల్ల కాలేదు.

“ఎవరూ చెప్పలేదు. నేనే వెళ్ళాను.”

వరండాలో వాడు నా కాళ్ళకు దండం పెట్టబోయాడు. కాళ్ళు వెనక్కి తీసుకొని, జైలు బండి ఎక్కాను.

ఆ ఆరు నెలలూ ఎప్పుడో గడిచాయి. తాంబూలం ఏటా వాడే అందుకుంటున్నాడు. ఇప్పుడు కొల్లేటికి వెళ్ళడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. వెళ్ళను.