గోడ అవతలి ఆట

చీకటిలోనూ మమ్మల్ని మరువని దేవునికి స్తోత్రం.

మొన్న ఆరాధనలో తడిసిన తుంగచాప వాసనకు బొగ్గు గనుల ఊరు మందమర్రిలోని మా చిన్న మందిరం గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు ఒక సాయంత్రం ఆ మందిరం గోడ అవతల మైదానంలో మా గని జట్టు పక్క గని జట్టుతో ఫుట్‌బాల్ ఆడుతోంది. మా అన్న గోల్‌కీపర్. గెలిస్తే అన్నకు గని పైనే, కార్మికులకు దీపాలిచ్చే గదిలో పని ఇస్తామన్నారు గని అధికారులు. లేకపోతే మర్నాడే బాపులాగా గనిలోకి దిగాలి. అమ్మానాన్నలను మేం అవ్వా బాపూ అనేవాళ్ళం.

నేను అవ్వకూ గోడకూ నడుమ ఇరుక్కుని మోకరించాను. చివరి ఆమెన్ దాకా తలుపు తీయరు. కిటికీలు అందవు.

"అవ్వా, జర చూసొస్తనే."

"నువ్వు చూస్తె గోలు పడ్తదా? కండ్లు మూసుకో," అంటూ అవ్వ నా జడ పట్టుకుంది.

బయట కేకల మీద కేకలు. ప్రతి కేకా మన గోలే అనుకున్నాను. ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దమైంది. ఆట ముగిసింది, మనమే గెలిచామనుకుని "స్తోత్రం!" అని అరిచాను. పెద్దలంతా "ఆమెన్" అన్నారు.

తలుపు తీసేసరికి గడప ముందు బురద మోకాళ్ళతో అన్న.

"ఎన్ని గోల్లు కొట్టిండ్రన్నా?"

"ఒక్కటి గూడ పోలే చెల్లే. ఆటంత మనదే, బాల్ గుంజలకే తగిలింది. ఆఖరుకు వాళ్ళొక్కటి కొట్టిండ్రు. అందరి నోళ్ళు పడిపోయినయ్."

నేను స్తోత్రం చెప్పింది ఆ గోలుకే.

మర్నాడు అన్న గనిలోకి దిగాడు. ఆ రోజు నుంచి, దిగిన ప్రతిసారీ అతను పైకి వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ ఊపిరాడేది కాదు. అయినా ఆ స్తోత్రాన్ని నేను వెనక్కి తీసుకోలేదు. రోజూ అతన్ని పైకి తెచ్చినవాడు ఆ దేవుడే.

ఈ పూట గనిలోకి దిగినవారి కోసం నాతో కలిసి ప్రార్థించండి. ఆమెన్ మాత్రం వాళ్ళు పైకి వచ్చాకే అందాం.