అత్తమ్మ వైపు చక్రం

మన జీపుల గ్రూపులో అందరికీ ఒక మాట చెప్పాలి. అత్తమ్మ పోయింది. శుక్రవారం పొద్దున, సూర్యాపేట దవాఖానాలో. ముందురోజు సాయంత్రం ఛాతీలో నొప్పి అంది. తెల్లారేసరికి లేదు.

ఈ నంబర్ చూసి ఇన్నాళ్లూ ఆమే రాస్తుందని మీరు అనుకొని ఉంటారు. ఆమె ఎప్పుడూ రాయలేదు. ఆమెకు చదువు రాదు. మూడేళ్లుగా ఇక్కడి నుంచి మీకు వచ్చిన ప్రతి మాటా ఆమె చెబితే నేను టైప్ చేసిందే. నేను ఆమె మేనల్లుణ్ణి. మీరు నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు.

మీరంతా ఆమెను అత్తమ్మ అనడానికి కూడా కారణం నేనే. "కార్బురేటర్ కడిగినా పెట్రోల్ వాసన ఎందుకు వస్తుందో అత్తమ్మ అడుగుతుంది" అని మొదటి మెసేజ్ పెట్టాను. మీలో ఒకరు జవాబు చెప్పి, కింద "అత్తమ్మకు నమస్తే" అని రాశారు. ఇక ఆ రోజు నుంచి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో పాత పెట్రోల్ జీపు ఉన్న వాళ్లందరికీ ఆమె అత్తమ్మే. నేను చదివి వినిపిస్తే నవ్వేది. "నాకన్న పదేండ్లు పెద్దోడు గూడ అత్తమ్మ అనబట్టె. గడ్డానికి రంగేసుకుంటడా ఏంది?"

ఇది మాత్రం నేను సొంతంగా రాస్తున్నాను. ఏడో తరగతిలో బడి మానేశాను. తప్పులుంటే సర్దుకోండి.

మా ఇల్లు కోదాడలో. చిన్నప్పటి నుంచీ నాకు నలుగురిలో గొంతు రాదు. బడిలో లేపి చదవమంటే నిలబడే వాణ్ణి, అంతే. అందరూ నవ్వే వాళ్లు. బడి మానేశాక ఇంట్లోనే ఉండేవాణ్ణి. ఒకరోజు నాన్న నన్ను తిడుతుంటే బయట జీపు ఆగిన చప్పుడు వినిపించింది. అత్తమ్మ లోపలికి వచ్చింది.

"ఏంది తమ్మీ, పిల్లగాణ్ణి గట్ల తిడ్తున్నవ్?"

"నోరు తెరిచి ఒక్క మాట చెప్పడక్కా. రేపు ఎట్ల బతుకుతడు వీడు?"

"మాట్లాడెటోళ్లు మస్తుమంది ఉన్నరు. నా తాన ఇనేటోడు కావాలె. బండెక్కురా అల్లుడా."

రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకొని ఎక్కాను. సూర్యాపేట దాకా ఆమె నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. జీపు చప్పుడులో అడిగినా వినిపించేది కాదు. నాకు ఆ చప్పుడు అప్పుడే నచ్చింది.

ఆ జీపును మామయ్య ఏదో సర్కారు ఆఫీసు వేలంపాటలో కొన్నాడు. అప్పటికి నేను పుట్టలేదు. మామయ్య పోయాక అందరూ అమ్మేయమన్నారట. వాళ్లకు పిల్లలు లేరు, ఆమెకు డ్రైవింగ్ రాదు. కానీ తిరుమలగిరి అవతల వాళ్లకు పత్తి చేను ఉంది. రోడ్డు దిగాక చేను దాకా అంతా నల్లరేగడి. వాన పడితే ఆ దారిలోకి ఆటో రాదు. ఆమె పొలంలోనే, పత్తి తీసేసిన సాళ్ల మధ్య, డ్రైవింగ్ నేర్చుకుంది. "ఆడ గుద్దనీకె ఏమీ లేదు గద" అనేది.

మెకానిక్ షెడ్డుకు పోయినప్పుడల్లా ఒకటే గొడవ.

"అత్తమ్మా, డీజిల్ ఇంజన్ ఎక్కిద్దామే. ఈ పెట్రోల్‌తోటి ఎన్ని దినాలు యాతన పడ్తవ్?"

"మీ మామ గుండె తీసి ఇంకోని గుండె పెట్టి, ఇగో మీ మామనే అని సూపిస్తవా నాకు?"

"మామకు జర తాగుడు ఎక్కువ గదనే!"

"తాగితే తాగనీరా. ఇంటికైతే తీస్కొస్తడు."

రోజూ పొద్దున, పని ఉన్నా లేకున్నా, స్టార్ట్ చేసేది. చోక్ సగం లాగి, తాళం తిప్పి, కళ్లు మూసుకొని కూర్చునేది. నన్నూ మూసుకోమనేది. "బండి సెప్తనే ఉంటది. మజ్జెల మనం మాట్లాడొద్దు." మొదట్లో నాకు చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. కొన్నాళ్లకు ఒక ప్లగ్గు సరిగా మండకపోతే తెలిసేది. నేను వేలు చూపిస్తే ఆమె బానెట్ ఎత్తేది. నాది నిజమైతే ఏమీ అనేది కాదు. మధ్యాహ్నం అన్నంలో ఒక చెంచా నెయ్యి ఎక్కువ పడేది.

ఎండల్లో దూరం పోతే ఇంజన్‌కు పెట్రోల్ అందించే పంపు వేడెక్కి బండి ఆగిపోతుంది. మీ అందరికీ తెలిసిందే. అందుకని పాత నూలు చీర ఒకటి చింపి, ఆ పీలికలు సీటు కింద పెట్టేది. తడిపి పంపుకు చుట్టి, బండి నీడన కూర్చొని బత్తాయి ఒలిచేది. "దానికీ ఉడుకపోస్తది గద, పాపం."

ఇప్పుడు చక్రాల సంగతి చెబుతాను.

మన జీపుల్లో ముందు చక్రాలు లాగాలంటే లోపల గేరు వేస్తే చాలదు. దిగి, ముందు చక్రాలు రెండింటికీ బయటివైపు, నట్టనడుమ ఉండే లాకులను చేత్తో తిప్పాలి. ఒకటి తిప్పి ఒకటి వదిలేస్తే ముందు చక్రాలు లాగవు. దాని మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంటుంది. ఆమెకు అది చదవరాదు. అందుకే గోళ్లరంగుతో రెండింటి మీదా ఎర్రచుక్క పెట్టింది. చుక్క పైకి వస్తే లాకు పడ్డట్టు.

కుడిది ఆమెది, ఎడమది నాది. చేను దారిలోకి దిగే ముందు బండి ఆపి, చెరోవైపు దిగే వాళ్లం. ఆమె అటునుంచి అరిచేది.

"పడ్డదా?"

"పడ్డది."

కొన్ని రోజులు పొద్దుటి నుంచి రాత్రి దాకా నేను మాట్లాడిన మాట అదొక్కటే. ఆమెకు అది చాలు. ఇంకో మాట కోసం ఎప్పుడూ చూడలేదు.

ఈ మధ్యే నాకు పద్దెనిమిది నిండి లైసెన్స్ వచ్చింది. ఆమె నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, తాను ఎడమవైపుకు మారింది. సీట్లు మారాయి కానీ చక్రాలు మారలేదు. నేను కుడివైపు దిగి ఎడమ చక్రానికి పోతుంటే, ఆమె ఎడమవైపు దిగి కుడి చక్రానికి వచ్చేది. బంపర్ ముందు ఇద్దరం ఎదురుపడే వాళ్లం. "జర దారియ్యి, కలెక్టర్ సాబ్" అనేది. నేను పక్కకి జరిగితే, పోతూ పోతూ గ్రీజు వేలు నా చెంపకు రాసేది. ఏ వైపు దిగిన వాళ్లు ఆ వైపు చక్రం తిప్పితే సరిపోయేది. ఆ మాట మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. తోచినా ఆమె మార్చేది కాదనుకుంటాను.

ఆమె పోయిన మర్నాడు నాన్న పాత సామాన్లు కొనే ఆయన్ని తీసుకొచ్చి బండి చూపించాడు. ఆయన టైరును కాలితో తన్ని చూశాడు. నాకు ఒళ్లు మండింది, కానీ నోట్లోంచి మాట రాలేదు.

"నువ్వొక్కడివి ఏం జేసుకుంటవ్ రా దీన్ని? కోదాడ పోదాం పా" అన్నాడు నాన్న.

ఫోన్లో టైప్ చేసి చూపించాను. 'అస్థికలు ఈ బండిలోనే తీసుకుపోదాం.'

చదివి ఫోన్ నా చేతిలో పెట్టాడు. "సరే. నడిమధ్యల ఆగిందో, అట్నుంచి అటే తూకానికి పంపుతా. మళ్లీ ముఖం మాడ్చుకోవద్దు."

మూడో రోజు, ఏటి ఒడ్డున ఉన్న వాడపల్లికి బయలుదేరాం. నాన్న ఎడమ సీట్లో, ఆమె కూర్చునే చోట, ఒళ్లో ముంత పెట్టుకొని కూర్చున్నాడు. వానాకాలమే కానీ ఆ రోజు ఎండ మాడ్చింది. మిర్యాలగూడ దగ్గర, రైస్ మిల్లుల ముందు, వడ్ల లారీల వెనక బండి ఆగిపోయింది. నాన్న నా వైపు చూశాడు. సీటు కింద నుంచి చీర పీలిక తీసి, తడిపి, పంపుకు చుట్టాను. అది నీలం రంగు చీర. నాన్న దాన్ని గుర్తుపట్టాడు. కాసేపటికి ఇంజన్ అందుకుంది.

దామరచర్ల దాటి ఏటి దగ్గరికి చేరాం. మెట్ల దగ్గర జనం ఎక్కువగా ఉంటే కొంచెం అవతల దిగాం. కలపాల్సింది కలిపాం. నాన్న నీళ్లలో నిలబడి "అక్కా" అన్నాడు, ఒక్కసారే.

తిరిగి వచ్చేటప్పుడు ఒడ్డున బురదలో వెనక చక్రాలు దిగబడ్డాయి.

"అయిపాయె. ట్రాక్టర్‌ను పిలవాలె" అన్నాడు నాన్న.

నేను దిగి, బంపర్ ముందు నుంచి వెళ్లి ఎడమ లాకు తిప్పాను. "పడ్డది" అన్నాను. ఎవరూ అడగకుండానే అన్నాను. వచ్చి కూర్చొని గేరు వేసి తొక్కాను. వెనక చక్రాలు ఇంకా లోతుకు పోయాయి. ముందువి కదల్లేదు.

"సూసినవా? నేను జెప్తనే ఉన్న" అన్నాడు నాన్న.

ఆమె ఉండగా బండి ఎప్పుడూ ఇలా చేయలేదు. ఏం పాడైందో తెలియక ఇంజన్ ఆపేశాను. చప్పుడు ఆగాక తెలిసింది. అటువైపు నుంచి "పడ్డదా" అని ఎవరూ అడగలేదు.

దిగి కుడి చక్రం ముందు కూర్చున్నాను. మూడేళ్లలో ఆ లాకును నేను ఒక్కసారి కూడా ముట్టలేదు. చూస్తే ఎర్రచుక్క లేదు. నా వైపు చుక్క ఇంకా ఎర్రగానే ఉంది. ఇక్కడ ఆమె బొటనవేలు ఆని ఆని రంగంతా పోయి, ఆ చోటు మాత్రం తోమిన గిన్నెలా మెరుస్తోంది. దాని మీద నా వేలు పెట్టి తిప్పాను. టక్కుమంది.

"ఏం జేస్తున్నవ్ రా ఆడ?"

"ఇది అత్తమ్మ వైపు చక్రం నాయినా. ఇది తిప్పాలని నాకు యాదికే లేదు."

నాన్నతో అంత పొడుగు మాట ఎప్పుడు మాట్లాడానో గుర్తులేదు. ఎక్కి గేరు వేసి తొక్కాను. జీపు ఒక్కసారి ఊగి, పైకి వచ్చేసింది.

మిర్యాలగూడ దాటాక అన్నాడు, "ఉండనీ. ఈ పంట అయ్యేదాక నువ్వే సూస్కో. ఆ తర్వాత మాట ఆ తర్వాత." ఆయన కోదాడ బస్సెక్కాడు. నేను సూర్యాపేట ఇంటికి వచ్చాను.

ఇప్పుడు ఇంట్లో నేనొక్కణ్ణే. పొద్దున చోక్ లాగి కళ్లు మూసుకుంటున్నాను. ఏదైనా తేడాగా వినిపిస్తే మిమ్మల్నే అడగాలి. జవాబు చెప్పండి.

నిన్న వాన పడితే చేనుకు పోయాను. రోడ్డు దిగే చోట ఆపి, ఎడమది తిప్పాను. కుడిదానికని బంపర్ ముందు నుంచి నడుస్తూ, సగం దూరంలో పక్కకి జరిగి దారిచ్చాను. వానలో అలాగే కొంచెంసేపు నిలబడ్డాను.