తాళాలమ్మ అనుమానం

ఆసుపత్రి రక్తపరీక్షల ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న ఆ టెక్నీషియన్‌ను వెనకాల అందరూ తాళాలమ్మ అనేవారు. రీడింగుల రిజిస్టర్లున్న బీరువాకు, ఫ్రిజ్‌కు, చివరికి ఖాళీ ట్యూబుల అరకు కూడా ఆమె తాళం వేసేది.

ఆమె మొదటి నుంచీ అలా లేదు. ఆరేళ్ల కిందట పరిశోధన నేర్చుకోవడానికి వచ్చిన ఒక కాలేజీ విద్యార్థి క్యాంటీన్‌లో కూర్చుని నలభై రీడింగులు సొంతంగా పుట్టించి రాసేశాడు. ఆమె నమ్మి కింద సంతకం పెట్టింది. బండారం బయటపడ్డాక విచారణ కమిటీ ముందు మూడు గంటలు నిలబడింది. అతను క్షమాపణ రాసిచ్చి వెళ్లిపోయాడు. ఆమెకు మాత్రం మనుషుల మీద నమ్మకం పోయింది.

అందుకే పెద్ద డాక్టరుగారు డిగ్రీ రెండో ఏడు చదివే ఒక అమ్మాయిని వెంటబెట్టుకొచ్చి, ఎనిమిది వారాలు పని నేర్పమన్నప్పుడు ఆమె ముఖం గంటు పెట్టుకుంది. తీరిక లేదంది, యంత్రం మొరాయిస్తోందంది. ఆయన అన్నీ విని, రేపటి నుంచే వస్తుందని తేల్చేశారు.

అమ్మాయి తీసుకున్న అంశం చిన్నదే. వార్డుల నుంచి వచ్చే కొన్ని శాంపిళ్లలో పొటాషియం ఎక్కువగా కనిపిస్తోంది. అదే రోగికి మళ్లీ రక్తం తీసి చూస్తే మామూలుగానే ఉంటోంది. పొటాషియం నిజంగా పెరిగితే గుండెకు ప్రమాదం. తప్పు రీడింగు వస్తే అక్కర్లేని మందు ఒంట్లోకి పోతుంది. మరి మొదటి రీడింగు ఎందుకు తప్పుతోంది?

తప్పు అన్న మాట చెవిన పడగానే తాళాలమ్మకు చురుక్కుమంది. ఈ పిల్లను పంపింది పని నేర్చుకోవడానికా, తన గుట్టు లాగడానికా?

అప్పటి నుంచి ఆమె అమ్మాయిని కనిపెట్టి చూడటం మొదలుపెట్టింది. ఆ పిల్లకు మాటలు తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. యంత్రాన్ని ఎవరు సరిచూస్తారు, మంగళవారం డ్యూటీ ఎవరిది అని అడిగేది. నీలం అట్ట పుస్తకంలో ఏదో రాసుకుంటూ, తాళాలమ్మ దగ్గరికి రాగానే మూసేసేది. ఇంట్లో ఈ సంగతంతా చెబితే, దర్జీ పని చేసే భర్త సూదిలో దారం ఎక్కిస్తూ నవ్వాడు.

"నన్ను నమ్మడానికే నీకు పదేళ్లు పట్టింది. పాపం, ఆ పిల్లకున్నది ఎనిమిది వారాలు."

"మిమ్మల్నయినా ఇంకా పూర్తిగా నమ్మలేదు లెండి," అందామె.

మూడో వారంలో ఒకరోజు అమ్మాయి భోజనానికి వెళ్తూ పుస్తకం బల్ల మీదే మర్చిపోయింది. తాళాలమ్మ అటూ ఇటూ చూసి తెరిచింది. ప్రతి శాంపిలుకూ వార్డు పేరు, రక్తం తీసిన టైము, ల్యాబ్‌కు చేరిన టైము, రీడింగు ఉన్నాయి. చివరి గడి పైన 'టె' అని ఒకే అక్షరం ఉంది. ఆ గడిలో టిక్కులున్న రోజులన్నీ తన డ్యూటీ రోజులే. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

అమ్మాయి తిరిగొచ్చేసరికి పుస్తకం తెరిచే ఉంది.

"'టె' అంటే టెక్నీషియన్, నేనేగా?"

అమ్మాయి ముఖం పాలిపోయింది కానీ అబద్ధం చెప్పలేదు.

"మీరే మేడమ్. అన్నిటికీ తాళాలేస్తారు, ఏదడిగినా తర్వాత చూద్దామంటారు. ఏదో దాస్తున్నారనుకున్నా. కానీ చూడండి, మీరు లేని రోజుల్లో కూడా అవే తప్పులు. మీ వల్ల కాదు."

తాళాలమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. గట్టిగా చీవాట్లు పెట్టాలనుకున్నదల్లా ఆ టిక్కులను మళ్లీ ఒకసారి చూసింది. ఈ పిల్ల తనను అనుమానించి, ఆ అనుమానం నిజమో కాదో ఓపిగ్గా తేల్చుకుంది. తను మూడు వారాలుగా అనుమానపడుతూ కూర్చుందే తప్ప తేల్చుకున్నదేమీ లేదు.

"నా సంగతి సరే. ఆ గోడ గడియారాన్ని అనుమానించావా? వార్డు గడియారం కంటే ఏడు నిమిషాలు వెనకుంది. నీ టైములన్నీ ఆ మేరకు తప్పే."

ఆ మధ్యాహ్నమే బీరువా తెరుచుకుంది. యంత్రాన్ని ఎలా సరిచూడాలో, ఒకే శాంపిలును రెండుసార్లు ఎందుకు పరీక్షించాలో, నచ్చని రీడింగును కొట్టెయ్యకుండా పక్కన కారణం ఎలా రాయాలో తాళాలమ్మ దగ్గరుండి చూపించింది. అమ్మాయి చేసినదాన్ని ఆమె మళ్లీ చేసి చూసేది. ఆమె చేసినదాన్ని అమ్మాయి కూడా మళ్లీ చూసేది.

ఐదో వారానికల్లా ఒక సంగతి తేలింది. తప్పుల్లో ఎక్కువ భాగం ఒకే వార్డువి, అదీ పొద్దున్నే తీసిన రక్తానివి. చేరడంలో ఆలస్యం మిగతా వార్డులకూ ఉంది గానీ అక్కడ ఇన్ని తప్పులు లేవు. అక్కడి నర్సుకు రక్తం తీయడం సరిగా రాదని అమ్మాయి రాయబోతే తాళాలమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"కళ్లతో చూశావా? చూడకుండా ఒక మనిషి మీద రాయకు."

మర్నాడు పొద్దున ఆరున్నరకే ఇద్దరూ ఆ వార్డుకు వెళ్లారు. తనిఖీకొచ్చారనుకుని నర్సు బిగుసుకుపోయింది. అయినా రక్తం చక్కగానే తీసింది. తీసిన ట్యూబులను తిన్నగా వార్డు ఫ్రిజ్‌లో పెట్టింది. వాటిని ల్యాబ్‌కు పట్టుకెళ్లే మనిషి పదిన్నరకు గానీ రాడని, అప్పటిదాకా పాడవకూడదనే అలా పెడుతున్నానని చెప్పింది.

కణాలను ఇంకా వేరు చేయని రక్తాన్ని గంటల తరబడి చల్లగా ఉంచితే కణాల్లోని పొటాషియం బయటికి వచ్చేస్తుంది. తాళాలమ్మకు అది తెలియని విషయం కాదు. కానీ ట్యూబులు తెచ్చే మనిషి మిగతా వార్డులన్నీ తిరిగి ల్యాబ్‌కు చేరేసరికి ట్యూబుల చల్లదనం పోయేది. అందుకే ఆమెకు ఇన్నేళ్లూ తట్టలేదు.

అయినా ఊహతో సరిపెట్టుకోలేదు. డాక్టరుగారి అనుమతి తీసుకుని, రక్తమివ్వడానికి తాళాలమ్మే ముందు చెయ్యి చాపింది. ట్యూబుల్లో సగం బల్ల మీద, సగం ఫ్రిజ్‌లో నాలుగు గంటలు ఉంచాలనుకున్నారు. అమ్మాయి వాటి మీద అంకెలు మాత్రమే వేసి, ఏది ఎక్కడ పెట్టిందో చెప్పనంది.

"నన్నింకా నమ్మవా?"

"నమ్ముతాను మేడమ్. కానీ చెప్పను."

తాళాలమ్మకు నవ్వొచ్చింది. ఆ ల్యాబ్‌లో ఆమె నవ్వగా ఎవరైనా చూసి చాలా కాలమైంది.

తర్వాత మరో పదకొండు మంది సిబ్బంది రక్తమిచ్చారు, ఆ నర్సుతో సహా. పన్నెండు మందిలో పదకొండు మందికి ఫ్రిజ్‌లోని ట్యూబులే ఎక్కువ చూపించాయి. మిగిలిన ఆ ఒక్కరిదీ ఎందుకు పెరగలేదని ఇద్దరూ రెండు రోజులు వాదించుకుని, కారణం దొరకలేదనే నివేదికలో రాశారు.

ఆ వార్డులో రక్తాన్ని ఫ్రిజ్‌లో పెట్టడం మానేశారు. ట్యూబులు ఎనిమిదింటికల్లా ల్యాబ్‌కు చేరే ఏర్పాటు జరిగింది. నెలకు ఇరవై దాకా వచ్చే తప్పు రీడింగులు మూడుకు దిగాయి. డాక్టరుగారు సంతోషించారు. తాళాలమ్మ మాత్రం ఆ మూడూ ఎక్కడివని ఆరా తీస్తూనే ఉంది.

వచ్చే సెలవులకు ఇంకో విద్యార్థిని పంపనా అని ఆయన అడిగితే, ఇద్దరిని పంపమంది. ఒక్కరైతే కనిపెట్టి చూడటానికి తనొక్కతే చాలదట. ఇద్దరైతే ఒకరినొకరు కనిపెట్టుకుంటారట.