గేటు తీసేసిన చోట వరిచేను

వెంకటనరసమ్మ మొట్టమొదట గెలుచుకున్నది నాలుగడుగుల సందు. రైలు గేటు పక్కన, నెత్తిమీద నారు మోపుతో సహా మనిషి పట్టేటంత సందు. దానికోసం ఆవిడ మూడేళ్లు తిరిగింది. వెనకాల గొడుగు పట్టుకుని భర్త జోగారావు కూడా తిరిగాడు.

తాడేపల్లిగూడెం దాటాక కాలవగట్టు రోడ్డు పట్టాలకి అడ్డం పడేచోట ఉండేది ఆ గేటు. ఇవతల ఇళ్లు, అవతల పొలాలు. మెయిలు పోతే గూడ్సు, గూడ్సు పోతే పాసింజరు. నాట్లు వేసే ఊడ్పుల రోజుల్లో ఆడవాళ్లు మోపులెత్తుకుని గేటు ముందు నిలబడితే నారు వడిలేది, మెడలు విరిగేవి. పక్కన తిరుగుడు గేటు ఉండేది గానీ, అందులో ఒట్టి మనిషే పడతాడు. కాపురానికొచ్చిన రెండో ఏడే వెంకటనరసమ్మ రైల్వే ఆఫీసు మెట్లెక్కింది.

"మోపు దించి, ఆ గేటు దాటాక మళ్లీ ఎత్తుకోండమ్మా," అన్నాడు ఆఫీసరు.

"తమరోసారి ఎత్తి చూపించండి బాబూ, మేమూ నేర్చుకుంటాం," అందావిడ. బయటికెళ్లి ఓ మోపు తెప్పించి ఆయన బల్ల పక్కన దింపించింది. బురదనీళ్లు గదంతా పారాయి. ఆ ఆఫీసరు బదిలీ అయిపోయాడు, ఇంకొకాయన వచ్చాడు, ఆయన బల్ల పక్కనా మోపు దిగింది. మూడో ఆయన సందు వేయించాడు.

అక్కణ్ణించి ఆవిడకి ఆగడం తెలియలేదు. గేటు దగ్గర దీపం ఆవిడ వేయించిందే. వానకి తలదాచుకునే రేకుల పంచ ఆవిడ వేయించిందే. పంచాయతీ కొళాయి గేటుకి ఇవతలే ఆగిపోతే, పట్టాల కింద గొట్టం తవ్వించి అవతల రైతుకూలీలకి మంచినీళ్లు ఇప్పించింది. అయిదో తరగతితో బడి మానేసిన మనిషి. ఊళ్లో ఇంగ్లీషు చదువులు చదివినవాళ్లు పది మంది ఉండగా, కలెక్టరు గారి ముందు మాట్లాడాల్సొస్తే అందరూ ఆవిడ వైపే చూసేవారు.

రైలుని పైకెక్కిస్తాం అన్న మాట వచ్చినప్పుడు కూడా అలాగే చూశారు. స్తంభాలు కట్టి పట్టాలు వాటిమీద వేస్తాం, గేటు తీసేస్తాం, కింద నేలంతా చెట్లూ పచ్చికా వేసి నాలుగూళ్ల జనానికీ వదిలేస్తాం అన్నారు మీటింగులో. స్తంభాల దారిలో వెంకటనరసమ్మది అరెకరం మగాణి ఉంది.

"పచ్చగా ఉంచుతామన్న మాట మైకులో ఇంకోసారి చెప్పండి," అందావిడ.

చెప్పారు.

"వెనకాల వాళ్లకి వినపడలేదండీ."

మళ్లీ చెప్పారు. అప్పుడు ఆ అరెకరం ఇస్తూ సంతకం పెట్టింది.

రైలు పైకెక్కింది. గేటు పీకేసిన రోజు ఆవిడ ఆ రోడ్డు మీద అటూ ఇటూ ఊరికే నడిచింది. ఎవరి కోసమూ ఆగకుండా నడవడం ఎలా ఉంటుందో చూసుకుంటున్నట్టు నడిచింది.

"గేటు పోయిందిగా. ఇక ఎవరితో పోట్లాడతావే?" అన్నాడు జోగారావు.

"గేటు పోతే పోయింది. నేల ఉందిగా," అందావిడ.

ఏ ముహూర్తాన అందో గానీ, ఈ ఏడు ఆషాఢంలో పాండురంగారావు టేపు పట్టుకుని ఆ నేల మీదికి దిగాడు. ఆయన గూడెంలో వ్యాపారస్తుడు. కింద నేలని బళ్లు పెట్టుకునే చోటుగా మార్చి తనకి అప్పగించమని దరఖాస్తు పెట్టుకున్నాడు. నేల ఎవరిదన్నది జనవరి మీటింగులో తేలుస్తారట. ఈలోగా తాత్కాలికంగా తారు వేసుకోమని ఎవరో నోటిమాటగా అన్నారట.

వెంకటనరసమ్మ పనులు చూసే ఇంజనీరు హేమంత్‌కుమార్ దగ్గరికి వెళ్లింది. కుర్రాడు, మర్యాదస్తుడు. లేచి కుర్చీ వేశాడు.

"నాకూ బాధగానే ఉందండీ. కానీ అక్కడ మట్టెక్కడుందండీ? అన్నీ రాళ్లూ సిమెంటు పెళ్లలే. ఏమీ మొలవదు కాబట్టే పార్కింగుకిస్తే నష్టమేంటంటున్నారు. ఎలాగూ తాత్కాలికమే."

"తాత్కాలికంగా వేసిన తారు పీకిన ఊరు ఒక్కటి చెప్పండి బాబూ."



ఇంటికొస్తూ దారిలో ఆవిడ ఒక్క ముక్క మాట్లాడలేదు. యాభై ఏళ్ల కాపురంలో ఆవిడ మాట్లాడకుండా నడిచిన ప్రతిసారీ ఎక్కడో ఏదో ఆఫీసు బురదైంది.

మర్నాడే కలిదిండికి కబురెళ్లింది. అక్కడ చేపల చెరువులు ఎండగట్టి పూడిక తీసి గట్టున పోసిన నల్లమట్టి, వేలు గుచ్చితే వెన్నలా దిగుతుంది, తీసుకుపోయేవాళ్లుంటే చాలంటారు. ట్రాక్టర్లు వరసకట్టాయి. ఊడ్పుల ఆడవాళ్లు రాళ్లేరారు, పెళ్లలేరారు, ఇనుపచువ్వలు లాగి కుప్పేశారు. స్తంభాల మధ్య గట్లు వేశారు. వాన నీళ్లు దించడానికి పైనుంచి ప్రతి స్తంభానికీ గొట్టం ఉంది. ఆ నీళ్లు కాలవలోకి పోకుండా మళ్లిస్తే మడి దానంతటదే నిండింది. దున్ని దమ్ము చేసి, స్వర్ణ రకం నారు తెచ్చి ఊడ్చేశారు. నెత్తిమీద రైలు, కింద వరి.

పాండురంగారావు చూసి నవ్వాడు. "ఊడ్చుకోనీండి. నీడలో వరేంటండీ, నాలుగు రోజుల్లో పసుపెక్కి చచ్చిపోతుంది."

నట్టనడుమ కాస్త పీలగానే ఉంది, ఆ మాట నిజమే. కానీ దక్షిణం పక్కనుంచి ఎండ ఏటవాలుగా లోపలికంటా వచ్చేది. భాద్రపదానికి చేను మోకాలెత్తు లేచింది. సాయంత్రమైతే జనం గట్లమీద చేరేవారు. పిల్లలు ఎండ్రకాయల వెంట పడేవారు. కొంగలు కూడా వచ్చి, రైలు పోయేటప్పుడు ఒక్కసారి తలెత్తి చూసి మళ్లీ పనిలో పడేవి. పార్కు అని బోర్డు పెట్టలేదు గానీ, నాలుగూళ్ల జనమూ అక్కడే ఉండేవారు.

వానలు తగ్గాక రోలరు వచ్చింది.

దాని డ్రైవరు సత్తిబాబుది ఉండి అనే ఊరి దగ్గర పల్లెటూరు. బండి రోడ్డు దిగి గట్టు దాకా వచ్చి ఆగిపోయింది. గట్టు మీద వెంకటనరసమ్మ పీట వేసుకుని కూర్చుంది. ఆవిడ లేవలేదు, అరవలేదు. సత్తిబాబు బండి దిగి, చెప్పులు గట్టు మీద విడిచి, చేలో అడుగుపెట్టి ఓ దుబ్బు వంచి చూశాడు. లోపల కంకితో కాడ ఉబ్బి ఉంది. వేళ్లతో మెల్లగా తడిమి వదిలేశాడు.

"ఏమయ్యా, ఏం చూస్తున్నావు?" అన్నాడు పాండురంగారావు.

"పొట్ట మీదుందండి."

"అయితే?"

"అయితే ఏంటండీ, పొట్ట మీదున్న చేనండి. నాటిన చేలోకే మేం చెప్పుకాలు పెట్టం. దీనిమీదికి బండెక్కించమంటే ఎలాగండి? మా ఆవిడ ఇంట్లో అన్నం పెడుతుందాండి?"

"నీ చేనా ఏంటి?"

"ఎవరి చేనైనా చేనేనండి."

"బండి నాది."

"తాళం ఇదిగోండి. తమరు ఎక్కించుకోండి," అని సత్తిబాబు తాళం చాపాడు.

పాండురంగారావు తాళం వైపు చూశాడు, చేను వైపు చూశాడు. చెయ్యి మాత్రం చాపలేదు. ఆయన తాతలు కూడా ధాన్యం కొట్టు మీద బతికినవాళ్లే.

"ఆవిడ నీకేమైనా చుట్టమా?"

"ఇప్పుడే చూడ్డమండి. మాట్లాడనైనా మాట్లాడలేదు."

అప్పుడు నోరు విప్పింది వెంకటనరసమ్మ. "ఎండలో నిలబడ్డారు. మజ్జిగ తాగండి, ఇద్దరూను." జోగారావు చెంబు తెచ్చాడు. పాండురంగారావు కూడా తాగాడు. తాగి మూతి తుడుచుకుని అన్నాడు: "అమ్మా, మీ పంట నేను తొక్కించను. కోయండి. కోసుకున్నాక ఉండేది దుబ్బులేగా. డిసెంబరు ఇరవై తొమ్మిది సోమవారం మళ్లీ వస్తాను. అప్పుడు అడ్డం రాకండి."

"దుబ్బులే ఉంటే అడ్డం రాను," అందావిడ.

సత్తిబాబు వైపు తిరిగి, "నువ్వే రావాలి మరి," అన్నాడు పాండురంగారావు.

"వస్తానండి. చేను లేకపోతే తొక్కుతాను. నాటి ఉంటే మట్టుకు నా బండి రోడ్డు దిగదు."

కార్తీకంలో కోత కోశారు. పండింది తక్కువే. ఆ ధాన్యం ఒక్క గింజ అమ్మలేదు. సత్తిబాబు ఇంటికి కుంచెడు కొత్తబియ్యం వెళ్లాయి, హేమంత్‌కుమార్ ఆఫీసుకి కుంచెడు వెళ్లాయి. పాండురంగారావు ఇంటికీ పంపించింది. "ఆయనకెందుకే?" అన్నాడు జోగారావు. "నీడలో వరేంటన్నాడుగా. తిని చూసుకుంటాడు," అందావిడ. మిగిలిన కంకులతో కుచ్చులు అల్లించి స్తంభానికొకటి చొప్పున కట్టించింది. అంతంత కాంక్రీటు స్తంభాల మీద పిచ్చుకలు వాలి కిచకిచలాడుతుంటే, కాలవగట్టు మీద పోయేవాళ్లు బళ్లాపి చూసేవారు.

కోత కాగానే రెండో పంటకి, దాళ్వాకి, నారు పెంచే ఆకుమడి పోసింది. జనవరి మీటింగు దాకా ఆ నేల ఖాళీగా ఉండకూడదని ఆవిడ పట్టుదల. మొలక తలెత్తిన వారానికి ఎవరో గట్టు తెగ్గొట్టి నీళ్లు వదిలేశారు. తెల్లారి చూసేసరికి మొలకంతా నీళ్లతో కొట్టుకుపోయి గండి దగ్గర కుప్పపడి ఉంది. ఎవరన్నది ఊళ్లో రకరకాలుగా అనుకున్నారు. వెంకటనరసమ్మ అడగలేదు. వంగి, చచ్చిన మొలక ఓ గుప్పెడు తీసి జోగారావు చేతిలో పెట్టింది.

"ముదినేపల్లి వెళ్తున్నానండి. కామాక్షి చేలో పోస్తాను. అక్కడికొచ్చి ఎవడు గట్టు తెగ్గొడతాడో చూస్తాను."

కామాక్షి ఆవిడ చెల్లెలు. ఆ మధ్యాహ్నమే విత్తనాల బస్తా ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. పైన రైలు పోతోంది, కింద ఆవిడ బస్సు ఎక్కడా ఆగకుండా వెళ్లిపోయింది. ఆ రోడ్డు మీద గేటు లేదు కదా మరి.

రోజూ పొద్దున్నే ఫోను చేస్తుంది. ఎలా ఉన్నారని అడగదు.

"మడికి కాలవ నీళ్లు పెట్టారా?"

"పెట్టారే. ఆడవాళ్లు నిన్న దమ్ము కూడా కానిచ్చారు. మడి అద్దంలా ఉంది."

"ఆ పాండురంగారావు వచ్చాడా?"

"నిన్న వచ్చాడు. బియ్యం బాగున్నాయన్నాడు. సోమవారం మాట మాటేనన్నాడు."

"నా మాటా మాటేనని చెప్పండి. నారు జానెడెత్తు లేచింది. లేతగా ఉంది, అయినా నిలబడుతుంది. ఊడ్పుల ఆడవాళ్లకి చెప్పారా, చీకటుండగానే రావాలని?"

"వాళ్లు నీకంటే ముందే లేచి కూర్చున్నారు. నారు తెచ్చే ట్రాక్టరు ఎవరు తోలుతున్నారు ఇంతకీ?"

అవతల ఆవిడ నవ్వింది. "ఉండి నుంచి సత్తిబాబు వస్తానన్నాడండి. సోమవారం రోలరు తోలాల్సినవాడు ఆదివారం ట్రాక్టరు తోలితే తప్పేముంది, రెండూ బళ్లేగా అన్నాడు."

జోగారావు ఫోను పెట్టేసి కాలవగట్టు దాకా నడిచి వచ్చాడు. మడిలో నీళ్లు నిలకడగా ఉన్నాయి. రైలు నీడ ఒక్కసారి దానిమీదనుంచి పాకిపోయింది. ఆయన పంచె ఎగ్గట్టి గట్టు చుట్టూ తిరిగి, ఎక్కడా గండి లేదని చూసుకుని, ఆవిడ పీట తెచ్చి ఆవిడ చోట వేసి కూర్చున్నాడు. ఇకమీదట రాత్రీ పగలూ ఆయన కాపలా అక్కడే.

వెంకటనరసమ్మ నారుతో దిగేది డిసెంబరు ఇరవై ఎనిమిది, ఆదివారం.