కనురెప్ప కింది ఎరుపు

మా పక్కింటి చైనా ఆంటీ మొన్న పొద్దున పోయారు. నిద్రలోనే పోయారని ఆవిడ కూతురు గుమ్మంలోకి వచ్చి చెప్పింది. "సారీ" అన్నాను. అంతకుమించి నాకు ఇంగ్లీషు రాలేదు. అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. పాపను ఎత్తుకుని కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతున్నాను.

ఈ పరాయిదేశపు ఊరు లూకన్‌లో మా ఇళ్ల మధ్య ఒక్క గోడే అడ్డం. పాప పుట్టాక నాకు రక్తం బాగా తగ్గింది. మెట్ల మీద కళ్లు తిరిగి పాపను ఎక్కడ జారవిడుస్తానో అని ప్రాణం గుబగుబలాడేది. మా జీపీ డాక్టరమ్మ రాసిన ఐరన్ మాత్రలు కడుపులో తిప్పేవి. ఒకరోజు చెత్తడబ్బా బయటపెట్టి, గోడ పట్టుకుని నిలబడిపోయాను. ఆంటీ దగ్గరికొచ్చి, ఏమీ అడక్కుండా, బొటనవేలితో నా కంటి కింది రెప్ప లాగి చూశారు.

"వైట్. నో గుడ్."

మా నాయనమ్మ కూడా అలాగే చూసేది.

మర్నాటినుంచి ఫ్లాస్కులో కషాయం రావడం మొదలైంది. ఏవో వేళ్లు, ఎండిన ఎర్ర రేగుపళ్లు వేసి మరిగించేవారు. మూత తీస్తే రేగొడియాల వాసన, నోట్లో పోస్తే చేదు. మందుల ఫ్యాక్టరీలో పనిచేసే మా ఆయన నవ్వారు.

"మేమక్కడ మాత్రలు చేస్తుంటే, నువ్విక్కడ కట్టెపుల్లలు తాగుతావా?"

నవ్వినా, ఆంటీని అడిగి ఆ వేళ్ల పొట్లం తీసుకుని, నన్నూ వెంటబెట్టుకెళ్లి జీపీకి చూపించారు. పాలిచ్చే తల్లివి కదా, ఫార్మసీలో అడిగి సరేనంటేనే తాగు, మాత్రలు మాత్రం మానకు అందావిడ. ఫార్మసీవాళ్లు సరేనన్నారు.

చేదు పోవాలని కషాయం మీద వెంటనే గ్లాసుడు చిక్కటి టీ తాగేదాన్ని. మాత్ర మీదా అంతే. ఫ్లాస్కు ఖాళీగా తిరిగివ్వడానికి మనసొప్పక అందులోనూ అల్లం టీ పోసేదాన్ని. ఒకరోజు ఆంటీ వచ్చేసరికి గ్లాసు నా చేతిలో ఉంది. లాక్కున్నారు.

"టీ ఈట్ యువర్ ఐరన్!"

"కొంచెమే ఆంటీ..."

"కొంచెం నో! మెడిసిన్ నౌ, టీ లేటర్!"

నా దగ్గర నేర్చిన తెలుగుమాట నామీదే విసిరి, ఆ టీ తానే తాగేశారు. "వెరీ గుడ్ టీ," అని మూతి తుడుచుకున్నారు. మీరెవరైనా ఉంటే పడీపడీ నవ్వేవారు.

కషాయం వల్లో, మాత్రల వల్లో, టీ దూరం జరపడం వల్లో నాకు తెలీదు. మెట్ల మీద గోడ పట్టుకోవడం మానేశాను. ఆంటీ మాత్రం కనబడినప్పుడల్లా రెప్ప లాగేవారు. "స్లో. బ్లడ్ లేజీ," అని తల ఊపేవారు. రెప్ప ఎర్రబడిన రోజున ఇద్దరం కూర్చుని టీ తాగుదామన్నారు. పోయినవారం పరీక్షకు రక్తమిచ్చి వచ్చాక, గోడ మీదనుంచి రోజూ ఒకటే ప్రశ్న.

"రెడ్?"

"ఇంకా చెప్పలేదు ఆంటీ."

నిన్న జీపీ దగ్గరనుంచి ఫోన్ వచ్చింది. "యువర్ బ్లడ్స్ ఆర్ గ్రాండ్," అంది అవతలి అమ్మాయి. ఇక్కడివాళ్లు గ్రాండ్ అంటే బాగుందని. పాపను చంకనేసుకుని, అలవాటుకొద్దీ ఆంటీకి చెప్పాలని గోడదాకా పరుగెత్తాను. వాళ్ల వంటింట్లో దీపం లేదు.

వెనక్కొచ్చి అద్దం ముందు నిలబడి కింది రెప్ప లాగి చూసుకున్నాను. ఎర్రగా ఉంది. రెండ్రోజులుగా ఏడుస్తున్న కన్ను, ఎర్రగా కాక ఎలా ఉంటుంది? అది రక్తమో, ఏడుపో, ఆంటీ అయితే ఒక్క చూపులో చెప్పేవారు.